రిపోర్టులో ‘ఒబేస్’.. బయోడేటాలో ‘హెల్దీ’: ఏది నమ్మాలి?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 67 కిలోలు. ఇటీవల హెల్త్ చెకప్ చేయించుకుంటే రిపోర్టులో ‘ఒబేస్’ అని వచ్చింది. ఫోనులోని యాప్ ‘ఓవర్‌వెయిట్’ అంటోంది. ఆఫీసులో ‘చబ్బీ’ అంటారు. మా మేనత్తేమో ‘కాస్త ఒళ్లు చేసింది, అంతే’ అంటుంది. సంబంధాలు చూస్తున్నారు, బయోడేటాలో నాన్న ‘హెల్దీ’ అని రాయించారు. రిపోర్టు చూసినప్పటి నుంచి రాత్రి భోజనం మానేశాను. నెలసరి రెండేసి నెలలకు గానీ రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండమ్మా. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

మీ రిపోర్టూ తప్పు కాదు, యాప్ కూడా తప్పు కాదు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. మీకు అది 27.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ లెక్కలో 25 నుంచి ఓవర్‌వెయిట్, 30 నుంచి ఒబేసిటీ, అంటే ఊబకాయం. మన దేశంలో చాలామంది వైద్యులు పాటించే లెక్కలో ఆ గీతలు 23, 25 దగ్గరే ఉంటాయి. భారతీయులకు అంత బరువు లేకపోయినా పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, షుగర్ ముందే రావడం ఎక్కువ కాబట్టి గీతను కిందికి దించారు. యాప్ ఆ లెక్క చూసింది, ల్యాబ్ ఈ లెక్క చూసింది. పైగా ఈ సూత్రం కట్టిన బెల్జియం వాడు క్వెటలెట్ వైద్యుడే కాదు, ఖగోళ, గణాంక శాస్త్రజ్ఞుడు. 19వ శతాబ్దంలో జనాభా లెక్కల కోసం ఆలోచించినది ఇవాళ మీ రాత్రి భోజనం మాన్పించింది!

ఇక మాటల విషయం. ‘ఒబేస్’ అనేది వైద్యుల రాతకోతల్లో ఒక కొలత పేరు, మీ పేరు కాదు. ఇప్పుడు వైద్య పత్రికల్లో ‘ఒబేస్ మనిషి’ అని రాయకుండా ‘ఒబేసిటీ ఉన్న మనిషి’ అని రాయమంటున్నారు. షుగర్ ఉన్నవారిని షుగర్ ఉన్నవారనే అంటాం కదా, అలాగే. వెనకటి ‘మోర్బిడ్’ అనే భయంకరమైన విశేషణం బదులు ఒకటి, రెండు, మూడు తరగతులుగా చెప్పడం పెరిగింది. ‘మిమ్మల్ని ఏమని పిలిస్తే బాధ ఉండదు’ అని రోగులను అడిగిన సర్వేల్లోనూ ‘ఫ్యాట్’ చాలామందికి నచ్చలేదు, ఉత్త ‘వెయిట్’ అనే మాటకే ఎక్కువమంది ఒప్పుకున్నారు.

‘చబ్బీ’ అనేది బుగ్గలున్న పసిపిల్లలకు బాగుంటుంది. పెద్దవాళ్లను అంటే ముద్దు కింద చెల్లదు, వద్దని చెప్పే హక్కు మీకుంది. ‘ప్లంప్’ కూడా అదే కోవ. ‘ప్లస్ సైజ్’ బట్టల కొట్టు మాట, అక్కడే ఉండనివ్వండి. ‘హెల్దీ’ మాత్రం మన పెళ్లి సంబంధాల వాళ్లు కనిపెట్టిన మర్యాద. నాకు నచ్చదు. సన్నగా ఉన్నవారికి ఆరోగ్యం లేదనా?

మా ఓపీలో తూకం ఎక్కే ముందు చాలామంది ఆడవాళ్లు చెప్పులు, గాజులు, చివరికి చేతిలోని పర్సు కూడా తీసి పక్కన పెడతారు. ఎక్కాక ముల్లు వైపు చూడరు. అంకెను గట్టిగా చదవొద్దని నర్సులకు చెప్పాను. మీకూ ఎక్కడైనా అలా చదివితే ‘కాగితం మీద రాయండి చాలు’ అని అడగండి.

బరువు కంటే ముందు మీ నడుము కొలత కావాలి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యన టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చవద్దు. ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

నాకు అసలు ఆందోళన మీ నెలసరి గురించే. 35 రోజులకు మించి ఆలస్యం అవుతూనే ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల సరిగా జరగని సమస్య), థైరాయిడ్ రెండూ చూడాలి. గైనకాలజిస్టును కలవండి. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (రెండూ హార్మోన్ల పరీక్షలే), పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ రాస్తారు. పీసీఓఎస్ అని తేలినా బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో నెలసరి గాడిన పడుతుంది. మీ లెక్కలో అది సుమారు మూడున్నర నుంచి ఆరున్నర కిలోలు. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గినా చాలు, తొందర వద్దు. మరీ వేగంగా తగ్గితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు.

రాత్రి మానేసిన తిండి మర్నాడు ఉగ్గాని, బజ్జీగా వడ్డీతో సహా తిరిగొస్తుంది. ఉగ్గాని తినండి, బొరుగులు తేలికే. బజ్జీలు ఒకటికి పరిమితం చేయండి. సంగటి మానక్కర్లేదు, ముద్ద చిన్నది చేసుకుని ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోండి. వేరుశనగ చట్నీ మాత్రం చూసి వేసుకోవాలి, ఆ గింజలో దాదాపు సగం నూనే. రోజూ అరగంట చురుగ్గా నడవండి. వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేయండి. ఇంటర్నెట్‌లో అమ్మే బరువు తగ్గించే పొడుల జోలికి వెళ్లవద్దు.

బయోడేటాలో ‘హెల్దీ’ కొట్టేయించి, ఎత్తు 157 సెంటీమీటర్లు అని రాయించండి. బరువు అడిగినవారికి అంకె చెప్పండి. అబ్బాయి బరువు కూడా అడగండి.