పాలీగ్రాఫ్ ఎగ్జామినర్ అవ్వాలని ఉంది, ఆ దారిలో వెళ్లొచ్చా?

ప్రశ్న: బీఎస్సీ సైకాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను సర్. ఫోరెన్సిక్ సైకాలజీలో పీజీ చేసి పాలీగ్రాఫ్ (లై డిటెక్టర్ మెషీన్) ఎగ్జామినర్ అవ్వాలని ఉంది. నాన్న మంచి ఉద్యోగమే అంటున్నారు. మా సీనియర్ అక్క మాత్రం "అది సైన్సే కాదు, దాన్ని నమ్ముకుని కెరీర్ పెట్టుకోకు" అంటోంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ సీనియర్ చెప్పినదాంట్లో చాలావరకు నిజం ఉందమ్మా. అలాగని పీజీ ఆలోచన మానుకోమని నేను చెప్పను. పీజీ చెయ్యి, కానీ ఆ ఒక్క మెషీన్ కోసం చెయ్యకు. ఎందుకో కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇది నీ జీతానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, రేపు నీ ఎదురుగా కుర్చీలో కూర్చునే మనిషి జీవితం కూడా ఇందులో ఉంది.

పాలీగ్రాఫ్ అబద్ధాన్ని పట్టుకోదు. అది చూసేది రక్తపోటు, నాడి, ఊపిరి, చెమట వల్ల చర్మంలో వచ్చే విద్యుత్ మార్పు, అంతే. ఇవి పెరిగాయంటే ఆ మనిషి ఒళ్లు ఆ ప్రశ్నకి కదిలిందని అర్థం. దొరికిపోతానన్న భయంతో కదిలిందా, నిజం చెప్పినా ఎవరూ నమ్మరేమోనన్న టెన్షన్‌తో కదిలిందా, ఆ ప్రశ్న అడిగినందుకే కోపం వచ్చిందా అన్నది మెషీన్‌కి తెలీదు. అబద్ధం చెప్పినప్పుడు మాత్రమే కనిపించే గుర్తు ఒకటి మనిషి ఒంట్లో ఉందని ఇంతవరకు ఎవరూ చూపించలేకపోయారు.

ఎక్కువగా వాడే పద్ధతిలో రెండు రకాల ప్రశ్నలు అడుగుతారు. "ఆ డబ్బు నువ్వే తీశావా?" అన్నది అసలు ప్రశ్న. "నిన్ను నమ్మినవాళ్లని ఎప్పుడైనా మోసం చేశావా?" లాంటిది పోల్చి చూడటానికి వేసే ప్రశ్న. తప్పు చేసినవాడు మొదటిదానికి ఎక్కువ కంగారు పడతాడని, చెయ్యనివాడు రెండోదానికి ఎక్కువ కంగారు పడతాడని దీని వెనక ఉన్న లెక్క. ఇప్పుడు నువ్వే ఆ కుర్చీలో ఉన్నావనుకో. ఏ ప్రశ్న నిన్ను జైలుకి పంపుతుందో నీకు తెలీదా? తప్పు చెయ్యకపోయినా దానికే గుండె గట్టిగా కొట్టుకుంటుంది.

ఇంకో సంగతి ఉంది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. ఈ పద్ధతి పనిచెయ్యాలంటే ఎదుటి మనిషి మెషీన్ తప్పు చెప్పదని నమ్మాలి. అలా నమ్మించే పని ఎగ్జామినర్‌ది. అంటే నిజం రాబట్టే పని ఒక అబద్ధంతో మొదలవుతుంది. 1973లో అమెరికాలోని కనెక్టికట్‌లో తల్లి హత్యకు గురైన 18 ఏళ్ల కుర్రాడిని పోలీసులు గంటల తరబడి ప్రశ్నించి, పాలీగ్రాఫ్‌లో ఫెయిలయ్యావని చెప్పారు. మెషీన్ అంటోందంటే తనే చేసి మర్చిపోయాడేమో అని ఆ పిల్లవాడు తన జ్ఞాపకాన్నే అనుమానించుకుని నేరం ఒప్పుకున్నాడు. శిక్ష కూడా పడింది. ఆ సమయంలో అతను వేరే చోట ఉన్నాడని చూపే సాక్ష్యం బయటపడ్డాక కేసు కొట్టేశారు. ఆ రోజు ఎగ్జామినర్ సీట్లో ఉన్నది నువ్వయితే ఏం చేసేదానివో ఒక్కసారి ఆలోచించు.

దోషులు తప్పించుకున్న కేసులూ తక్కువేం లేవు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఉంటూ సోవియట్‌కి రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో ఒకసారి, 1991లో మరోసారి పాలీగ్రాఫ్ పాసయ్యాడు. వరస హత్యలు చేసిన గ్యారీ రిడ్జ్‌వే 1984లో పాసయ్యాడు, 2001లో డీఎన్‌ఏ వల్ల దొరికాడు, 2003లో 48 హత్యలు ఒప్పుకున్నాడు.

ఒకటి రెండు కేసులు చూసి తీర్పు చెప్పకూడదంటావా, సరే, లెక్క చూద్దాం. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003 నివేదికలో ఒక ఉదాహరణ ఇచ్చింది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకుందాం. వాళ్లలో 8 మంది దొరికేలా టెస్టు పెడితే దాదాపు 1,600 మంది అమాయకులు కూడా ఫెయిలవుతారు, అప్పటికీ ఇద్దరు గూఢచారులు పాసైపోతారు. దొరికిన ఒక్కొక్కడికి 200 మంది నిర్దోషుల మీద మచ్చ! ఈ లెక్క ఎందుకు ఇలా వస్తుందో నీకు నువ్వుగా వివరించగలిగేంత స్టాటిస్టిక్స్ నేర్చుకో. ఈ రంగంలో ఉన్నవాళ్లు కూడా చాలామంది ఇక్కడే తడబడతారు.

న్యాయస్థానాలు మొదటినుంచీ అనుమానంగానే చూశాయి. 1923లోనే ఫ్రై కేసులో వాషింగ్టన్ కోర్టు, రక్తపోటు ఆధారంగా అబద్ధం కనిపెడతామన్న నిపుణుడి సాక్ష్యాన్ని ఒప్పుకోలేదు. 1988లో వచ్చిన చట్టం అమెరికాలో చాలావరకు ప్రైవేటు కంపెనీలు ఉద్యోగులకి ఈ టెస్టు పెట్టకుండా ఆపింది. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో, అంగీకారం లేకుండా పాలీగ్రాఫ్, నార్కో (మత్తు మందిచ్చి ప్రశ్నించడం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలు చూడటం) చెయ్యకూడదని తేల్చింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం సాక్ష్యం కాదు, దాని సాయంతో తర్వాత దొరికిన వస్తువో సమాచారమో మాత్రం పనికి రావచ్చు. అంగీకారాన్ని మేజిస్ట్రేట్ ముందు నమోదు చెయ్యాలి, లాయరు అందుబాటులో ఉండాలి. ఈ తీర్పు పూర్తిగా చదువు, నోట్సు చూసి సరిపెట్టుకోవద్దు.

ఇంకోవైపు కూడా చెప్పాలి. 1959లో అమెరికా సైకాలజిస్టు డేవిడ్ లిక్కెన్ ప్రతిపాదించిన వేరే పద్ధతి ఉంది. నేరం చేసినవాడికి మాత్రమే తెలిసే వివరాన్ని, ఉదాహరణకి ఏ ఆయుధం వాడారన్నదాన్ని, మరో నాలుగైదు పేర్ల మధ్య పెట్టి అడుగుతారు. నేరం గురించి తెలియనివాడికి అన్నీ ఒకటే కాబట్టి అమాయకుడు ఇరుక్కునే అవకాశం బాగా తగ్గుతుంది. జపాన్ పోలీసులు ఈ పద్ధతినే వాడతారు. అయితే ఆ వివరం ముందే వార్తల్లో వచ్చేస్తే ఇక పనికిరాదు. నీకు నిజంగా ఈ మెషీన్ మీద ఆసక్తి ఉంటే పరిశోధన ఇక్కడ చెయ్యి.

కెరీర్ విషయానికొస్తే, ఫోరెన్సిక్ సైకాలజీ అంటే పాలీగ్రాఫ్ ఒక్కటే కాదు. సాక్షుల జ్ఞాపకం ఎలా మారిపోతుంది, చెయ్యని నేరాన్ని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారు, పిల్లల్ని ఎలా ప్రశ్నించాలి, నిందితుడి మానసిక స్థితిని ఎలా అంచనా వెయ్యాలి, ఇవన్నీ నేర్చుకుంటే ల్యాబ్, కోర్టు, జైలు, పోలీసు శిక్షణ, పరిశోధన, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. 1990ల మొదట్లో ఇంగ్లండ్, వేల్స్ పోలీసులు నేరం ఒప్పించడం బదులు సమాచారం రాబట్టడం లక్ష్యంగా పెట్టుకున్న 'పీస్' అనే ఇంటర్వ్యూ పద్ధతికి మారారు. అది బాగా చదువు. ఏ మెషీన్ పాతబడినా మనిషితో మాట్లాడి నిజం తెలుసుకునే నైపుణ్యం పాతబడదు.

ఒకవేళ ల్యాబ్‌లో పాలీగ్రాఫ్ సీటే వచ్చిందనుకో, చెయ్యి. కానీ మెషీన్ తప్పు చెయ్యదని ఎవరికీ చెప్పకు. ఎదుటి మనిషి టెస్టు మధ్యలో ఆపెయ్యమంటే ఆపెయ్యి. రిపోర్టులో "అబద్ధం చెప్పాడు" అని రాయకు, ఫలానా ప్రశ్నకి ప్రతిస్పందన ఎక్కువగా కనిపించింది అని రాయి. భార్యాభర్తల అనుమానాలకీ కంపెనీ ఉద్యోగుల మీద దొంగతనం సందేహాలకీ టెస్టులు చేసే ప్రైవేటు పని ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. అక్కడ అంగీకారం అన్నది పేరుకే ఉంటుంది, కాదంటే కాపురమో ఉద్యోగమో పోతుందని ఆ మనిషికి తెలుసు.

నాన్నగారికి ఫోరెన్సిక్ సైకాలజీ చదువుతానని చెప్పు, ఆయనకీ అభ్యంతరం ఉండదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు సిలబస్‌లో ఇంటర్వ్యూ నైపుణ్యాలు, స్టాటిస్టిక్స్, చట్టం ఈ మూడూ ఉన్నాయో లేదో చూడు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే అక్కడివాళ్లని ఒక ప్రశ్న అడుగు: మీరు ఫెయిలయ్యాడన్న మనిషి తర్వాత నిర్దోషి అని తేలితే ఆ కేసుని మళ్లీ తీసి చూస్తారా? తడుముకోకుండా, వివరంగా జవాబు చెప్పే చోట చేరు.