సెల్ఫ్ కొడితే ‘టక్’ మంటుంది, ఇంజిన్ తిరగదు

కారు స్టార్ట్ కాకపోవడం, అందులో కరెంటు లోపాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలివి. జవాబులు చెబుతున్నది గూడూరు నుంచి వచ్చి చెన్నై పుదుప్పేట దగ్గర ముప్పై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న మన ఉమ్మడి నెల్లూరు జిల్లా వాసి.

ప్రశ్న: మాది తిరువాన్మియూర్, బీచ్‌కి రెండు వీధుల దూరం. తొమ్మిదేళ్ల చిన్న పెట్రోల్ కారు, గేర్లు చేత్తో మార్చేదే. పొద్దున తాళం తిప్పితే ఒక్కసారి ‘టక్’ మంటుంది, ఇంజిన్ తిరగదు. ఏడెనిమిది సార్లు తిప్పితే ఒక్కోసారి అందుకుంటుంది. మూడు నెలల కిందటే కొత్త బ్యాటరీ వేయించాం. ఇప్పుడు మెకానిక్ సెల్ఫ్ మోటార్ మార్చాలంటున్నాడు. మార్చాలా? పాపను స్కూల్లో దింపడం రోజూ టెన్షన్ అయిపోయింది. (ఒక పాఠకురాలు)

జవాబు: ఇప్పుడే మార్చకండమ్మా. ఆ మోటార్ చెడిపోయిందని ఇంతవరకు ఎవరూ కొలిచి చూసినట్టు లేదు. బ్యాటరీ కూడా అలాగే మార్చి ఉంటారు. కొలవకుండా సామాను మార్చడం నాకు నచ్చని పని. డబ్బు పోతుంది, జబ్బు అక్కడే ఉంటుంది.

రాత్రిపూట కారులోపల రూఫ్ లైటు వేసి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడండి. చాలామంది హెడ్‌లైట్ చూడమంటారు గానీ, ఇప్పటి బండ్లు చాలావాటిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్ దానంతటదే ఆగిపోతుంది, దాన్ని చూసి మోసపోతాం. రూఫ్ లైటు బాగా మసకబారి ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జి లేదు. లైటు టక్కున ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ దగ్గర క్లాంపు లూజు. లైటు వెలుగుతూనే ఉండి, ఒక్క ‘టక్’తో సరిపెడితే మాత్రం బ్యాటరీలో కరెంటు ఉంది, అది మోటారు దాకా వెళ్లి తిరిగి బ్యాటరీకి చేరడం లేదు. మీ ఉత్తరం చదివితే నాకు ఈ మూడోదే అనిపిస్తోంది.

‘తిరిగి’ అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఎర్ర కేబుల్ మీద అందరికీ ధ్యాస ఉంటుంది. కరెంటు ఎంత వెళ్లిందో అంతా వెనక్కి రావాలి. సెల్ఫ్ మోటారుకి విడిగా నల్ల కేబుల్ ఉండదు. అది ఇంజిన్ ఇనుముకి బిగించి ఉంటుంది, ఆ ఇనుమే దాని ఎర్త్. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి, అక్కడినుంచి బాడీకో బ్యాటరీకో ఒక అల్లిక తీగ వేస్తారు. దాన్నే మేం ఎర్త్ పట్టీ అంటాం. తిరువాన్మియూర్, బెసంట్ నగర్, పాలవాక్కం బండ్లలో ముందు నా చెయ్యి వెళ్లేది దానిమీదకే. ఉప్పు గాలికి బోల్టు కింద తుప్పు, రాగి మీద పచ్చ చిలుం పడతాయి. పైకి పట్టీ బాగానే కనిపిస్తుంది.

మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఇది దొరకదు, సున్నా దగ్గరే చూపిస్తుంది. లెక్క చూడండి. చిన్న పెట్రోల్ ఇంజిన్ సెల్ఫ్ సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. పట్టీ దగ్గర 0.02 ఓమ్ అడ్డు ఉంటే చాలు, అక్కడే 3 వోల్టులు పోతాయి. పదో తరగతిలో చదివిన ఓమ్ సూత్రమే ఇది. 0.02 ఓమ్‌ని మామూలు మీటర్ పట్టలేదు. రూఫ్ లైటుకి కావలసింది అర ఆంపియర్, ఒక ఆంపియర్ అంతే కాబట్టి అది హాయిగా వెలుగుతుంది. అందుకే లోపం పనిచేస్తున్నప్పుడే, అంటే సెల్ఫ్ కొడుతుండగానే కొలవాలి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి. చున్నీ, పైట ఏదైనా సరే ఫ్యాను బెల్టు దగ్గరికి పోకుండా చుట్టుకోండి. మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. రాత్రంతా నిలిపిన బండికి బ్యాటరీ రెండు కొసల మధ్య 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12కి దిగితే ముందు చార్జి చేయించండి, మిగతా కొలతలు తర్వాత. ఇంకొకరిని తాళం తిప్పమని, అదే చోట మళ్లీ చూడండి. 9.6 కన్నా కిందికి పడకూడదు.

ఇప్పుడు అసలు కొలత. మీటర్ ఒక సూది బ్యాటరీ నెగెటివ్ సీసపు ముక్క మీద పెట్టాలి, క్లాంపు మీద కాదు. రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని ఇనుము మీద. తాళం తిప్పమనండి. 0.2 దాకా పర్వాలేదు, 0.5 దాటితే దోషం ఉన్నట్టే. 2, 3 వోల్టులు చూపిస్తే మీ దొంగ దొరికాడు. ఇలాగే పాజిటివ్ సీసం నుంచి మోటారు మీద లావు కేబుల్ వచ్చే బోల్టు దాకా కూడా చూడాలి, అక్కడా 0.5 లోపే ఉండాలి. రెండు పక్కలా దాదాపు సున్నా చూపించి, మోటారు మాత్రం కదలకపోతే తొందరపడి అంతా బాగుందనుకోవద్దు. కరెంటే పారకపోతే ఎక్కడా వోల్టు పోదు. అప్పుడు మాత్రం సోలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) లోపలి కాంటాక్టులో, అరిగిన కార్బన్ బ్రష్‌లో కారణం, మీ మెకానిక్ మాట నిజం. అప్పుడైనా మోటారంతా మార్చే ముందు బ్రష్‌లు వేసి చూడమనండి.

మీటర్ లేదా? జంపర్ కేబుల్ ఒకటి తీసుకోండి. ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొస ఇంజిన్ ఎత్తడానికి ఉండే ఇనుప కొక్కేనికి పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఝుమ్మని తిరిగితే ఎర్త్ పట్టీదే తప్పు.

నేను పని నేర్చుకున్నది గూడూరులో మా మేనమామ దగ్గర. 1993లో ఒక డాక్టరు గారి పాత కార్బురేటర్ బండి వచ్చింది. సెల్ఫ్ కొడితే ఆక్సిలరేటర్ తీగ నుంచి పొగ. నేను బెదిరిపోయి బ్యాటరీ పీకేశాను. మామ నవ్వలేదు, తిట్టలేదు. ఇంజిన్ కింద తెగి వేలాడుతున్న పట్టీ చూపించి, “కరెంటుకి ఇంటికి పోవడానికి దారి లేదురా, అందుకే దొరికిన సందులోంచి పోతోంది” అన్నాడు. ఆ సన్నటి తీగలోంచి వంద ఆంపియర్లు పోతే కాలక ఏమవుతుంది? మీ బండిలోనూ నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాక క్లచ్ కేబుల్ వెచ్చగా తగులుతోందేమో చూడండి. తగిలితే ఇంకే కొలతా అక్కర్లేదు.

పట్టీ ఖరీదు మోటారు ఖరీదు ముందు ఏ మూలకూ రాదు. బ్యాటరీ నెగెటివ్ ముందుగా విప్పి, పట్టీ బోల్టులు తీసి, అది ఆనే చోట ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దించండి. గట్టిగా బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. నెగెటివ్ చివర్లో తగిలించాలి.

ప్రశ్న: పండక్కి ఒంగోలు వెళ్లి పది రోజులకు వేళచ్చేరి తిరిగొచ్చాం. అపార్ట్‌మెంట్ కింద పెట్టిన కారు చచ్చిపడి ఉంది. బ్యాటరీ వయసు ఏడాదే. ఈ మధ్య డ్యాష్‌కామ్ పెట్టించాను. దానివల్లేనా? (ఒక పాఠకుడు)

జవాబు: అనుమానం సరైన చోటే పడింది. తాళం తీసి పెట్టిన బండి కూడా కొంచెం కరెంటు తాగుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు అయితే అది మామూలే. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క), పది రోజులకు 12. మీది 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే తట్టుకుంటుంది. డ్యాష్‌కామ్ పార్కింగులో కూడా రికార్డు చేస్తూ 250 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 6, పది రోజులకు 60. ఉన్నదే 45 కదా.

అయినా కొలవకుండా దాన్ని దోషి అనను. నెగెటివ్ కేబుల్ విప్పి, మీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మీటర్‌ని, బ్యాటరీకి కేబుల్‌కి మధ్య కలపండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటర్ ఫ్యూజ్ పోతుంది. తలుపులన్నీ మూసి, రిమోట్ తాళం దూరంగా పెట్టి, కనీసం అరగంట ఆగండి. బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత టైం పడుతుంది. మొదటి నిమిషంలో కనిపించే పెద్ద అంకె చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. అరగంట తర్వాత కూడా ఎక్కువే ఉంటే డ్యాష్‌కామ్ ప్లగ్ పీకి చూడండి. తగ్గితే, ఇగ్నిషన్ వేసినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కి దాన్ని మార్పించుకుంటే సరిపోతుంది. తగ్గకపోతే ఒక్కో ఫ్యూజ్ వీపు మీద కనిపించే రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూడండి. సున్నా కానిది ఎక్కడుంటే ఆ లైనులో కరెంటు పారుతోంది. ఫ్యూజులు పీకుతూ వెతికితే, మళ్లీ పెట్టగానే కంప్యూటర్ మేలుకొని లెక్క మొదటికొస్తుంది.

బ్యాటరీ ఒకసారి పూర్తిగా అడుగంటాక ట్రాఫిక్‌లో పది నిమిషాలు తిప్పితే నిండదు. చార్జర్ మీద రాత్రంతా పెట్టించండి.

ప్రశ్న: వానలో రైల్వే సబ్‌వేలో నీళ్లలో బండి ఆగిపోయింది. తోసి బయటికి తెచ్చాం. ఎండాక సెల్ఫ్ కొట్టొచ్చా? (ఒక విద్యార్థి, తాంబరం)

జవాబు: వద్దు బాబూ, ఒక్కసారి కూడా వద్దు. గాలి పీల్చే గొట్టంలోంచి సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే, పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. 2015 డిసెంబరు వరదల తర్వాత నా దగ్గరికొచ్చిన బండ్లలో నీళ్లవల్ల పోయినవాటికంటే, నీళ్లు దిగాక ఆత్రంగా సెల్ఫ్ కొట్టి పోగొట్టుకున్నవి నాకు ఎక్కువ బాధ కలిగించాయి. బ్యాటరీ నెగెటివ్ విప్పేసి, టో చేయించండి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా అని ముందు చూడాలి.

ప్రశ్న: అంబత్తూరు నుంచి కోయంబేడు వచ్చేసరికి ఎండలో ఇంజిన్ ఆగిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి బాగుంటుంది కాబట్టి ఎవరూ నమ్మడం లేదు. (ఒక పాఠకుడు)

జవాబు: నేను నమ్ముతున్నానండి. వేడెక్కితే పోయి, చల్లారితే వచ్చే లోపాల్లో నేను ముందు చూసేది క్రాంక్ సెన్సర్. ఇంజిన్ ఏ స్థితిలో తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. దాని లోపలి చుట్ట వేడికి విడిపోతే స్పార్కూ ఉండదు, పెట్రోలూ చల్లదు. ఈసారి ఆగినప్పుడు రెండు పనులు చేయండి. సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బండ్లలో అది కొద్దిగా లేస్తుంది, అసలు కదలకపోతే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. తర్వాత సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ వరకే తిప్పి, వెనక సీటు కింద చెవి పెట్టండి. పెట్రోల్ పంపు రెండు సెకన్లు ‘జుయ్’ మనాలి. అనకపోతే పంపు, దాని రిలే (పంపుకి కరెంటు కలిపే స్విచ్చు), ఫ్యూజ్ వైపు వెళ్లాలి. హారన్ రిలే అదే నంబరుదైతే మార్చి పెట్టి చూడొచ్చు.

ఈ రెండూ ఫోన్‌లో వీడియో తీసుకొని మెకానిక్‌కి చూపించండి. స్కానర్‌లో పి0335 కోడ్ నిలిచి ఉందేమో చూడమనండి, అది ఆ సెన్సర్ సర్క్యూట్‌దే. కోడ్ ఉన్నా సరే, సెన్సర్ కొనే ముందు దాని ప్లగ్గు విప్పించి లోపల పచ్చ చిలుం ఉందా, ఎలుక కొరికిందా చూడమనండి.