డా నాంగ్ ప్రయాణం: దసరాకు అప్పు చేసి వెళ్లాలా, వేసవి దాకా ఆగాలా?

ప్రశ్న: నాకు, మావారికి కలిపి నెలకు 92,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 31,000. అత్యవసరానికని బ్యాంకులో 1,40,000 దాచుకున్నాం. దసరా సెలవుల్లో, అంటే అక్టోబరులో, వియత్నాంలోని డా నాంగ్‌కు ముగ్గురికీ 5 రాత్రుల ప్యాకేజీ 1,60,000కు వస్తోంది. దానికి 16 శాతం వడ్డీతో 12 నెలల వ్యక్తిగత రుణం ఇస్తామంటున్నారు. మా అబ్బాయికి 12 ఏళ్లు, కొండలన్నా సముద్రమన్నా ప్రాణం. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఈ అక్టోబరులో మాత్రం వద్దు, అప్పు చేసి అసలే వద్దు.

ముందు ఆ ప్యాకేజీ ఎందుకు చౌకగా వస్తోందో చూడండి. డా నాంగ్‌లో అక్టోబరు, నవంబరు కుండపోత వానల నెలలు. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. 30 కిలోమీటర్ల దూరంలోని హోయ్ ఆన్ పాత పట్టణంలో నది పొంగి వీధుల్లోకి నీళ్లు వస్తుంటాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే దగ్గర్లోని చామ్ దీవులకు పడవలు నడపరు. హాయ్ వాన్ కనుమ మీద మబ్బు కమ్మితే పక్కనున్న సముద్రం కూడా కనిపించదు. మీ అబ్బాయి కోరుకుంటున్నవన్నీ ఆరుబయటివే. అవి పోతే మీకు మిగిలేది హోటల్ గది.

ఇక అప్పు సంగతి. నెలకు దాదాపు 14,500 చొప్పున ఏడాదిలో 1,74,000 కడతారు. అంటే వడ్డీకే 14,000 పైన పోతుంది. ఇంటి ఖర్చులు, రుణ వాయిదా కలిపి నెలకు 65,000 అనుకున్నా, మీ అత్యవసర నిధి రెండు నెలలకు మించి రాదు. ఇద్దరిలో ఒకరి జీతం ఆగినా రెండు వాయిదాలూ ఒకేసారి మెడకు చుట్టుకుంటాయి. నాకు అసలు భయం అక్కడే. ఆ నిధిని ప్రయాణానికి కదపకండి. బోనస్సో బకాయో వస్తే ముందు దానికే చేర్చండి.

బ్యాంకుకు కట్టగలమనుకున్న ఆ 14,500ను ఈ మే నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. వచ్చే ఏప్రిల్‌కు 12 వాయిదాలు పూర్తయి, 6.5 శాతం వడ్డీ వచ్చినా చేతిలో దాదాపు 1,80,000 ఉంటుంది. మే రెండో వారంలో బయలుదేరండి. బడికి సెలవులే, అక్కడ వానలూ తక్కువే. ఎండ గట్టిగానే ఉంటుంది కానీ వరంగల్ వాళ్లకు అదేమీ కొత్త కాదు. ఏప్రిల్ 30, మే 1 వియత్నాంలో జాతీయ సెలవులు. ఆ రోజుల్లో గదుల ధరలు పెరుగుతాయి, జనం కిక్కిరిసి ఉంటారు కనుక వాటిని తప్పించండి.

అక్కడ ఏది ఖరీదో, ఏది చౌకో తెలిస్తే ప్యాకేజీలో ఏం తీసేయాలో మీకే అర్థమవుతుంది. అక్కడి కరెన్సీ డాంగ్, రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. బా నా హిల్స్ కేబుల్ కారు టికెట్ పెద్దవాళ్లకు 3,000 రూపాయల పైమాటే. మార్బుల్ కొండల్లో థుయ్ సోన్ ఎక్కడానికి మాత్రం 40,000 డాంగ్‌లు, అంటే 135 రూపాయలు. 'మీ ఖే' అనే బీచ్‌కు పైసా అక్కర్లేదు. సోన్ చా ద్వీపకల్పంలోని 67 మీటర్ల బోధిసత్వ విగ్రహం చూడటానికీ టికెట్ లేదు. బడ్జెట్ సరిపోకపోతే బా నా తీసేయండి, 'మీ సోన్' అనే ఆలయాల చోటు మాత్రం వదలొద్దు. డా నాంగ్ నుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ, ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టిన శివాలయాలవి. అక్కడి ఎర్ర ఇటుకల మధ్య అతుకు కంటికి ఆనదు. మన పురావస్తు శాఖ వాళ్లే అక్కడ జీర్ణోద్ధరణ పనులు చేస్తుండగా 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. టికెట్ 1,50,000 డాంగ్‌లు, మనిషికి 500 రూపాయలు. మీరు వడ్డీగా కట్టబోయిన సొమ్ములో మీ సోన్‌కు కారు, టికెట్లతో పాటు హాయ్ వాన్ కనుమ మీదుగా హ్యూ నగరం దాకా కారు కూడా వచ్చేస్తుంది.

ఈ ప్రయాణంలో మీ ఇంటి లెక్కలను తలకిందులు చేయగలిగింది ఒకటుంది, అద్దె స్కూటర్. రోజుకు ఐదారు వందల రూపాయలకే దొరుకుతుంది. అయితే మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి ఒప్పందం కింద ఇచ్చేది, వియత్నాం గుర్తించేది 1968 నాటి ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లను. చెల్లే లైసెన్సు లేకుండా బండి నడిపి పడితే ప్రయాణ బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తుంది. ఆసుపత్రి ఖర్చంతా మీ నెత్తిన పడుతుంది. హాయ్ వాన్ మలుపుల్లో పిల్లాడిని వెనక కూర్చోబెట్టుకుని ఆ సాహసం చేయకండి, డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి. బీమా మాత్రం ముగ్గురికీ తీసుకోండి, మినహాయింపుల పేజీ చదివాకే డబ్బు కట్టండి.

ప్యాకేజీగా కొంటే ఏజెంటు టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. బిల్లులో దాన్ని విడిగా చూపించమనండి. మీ ఇద్దరిలో పన్ను కట్టేవారి పాన్ నంబరే ఇవ్వండి, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. విమానం, హోటల్ విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే ఆ బెడద లేదు. అక్కడ కార్డు గీసేటప్పుడు యంత్రం రూపాయల్లోనా, డాంగ్‌లలోనా అని అడిగితే డాంగ్‌లే ఎంచుకోండి, రూపాయలంటే మారకపు రేటులో నష్టపోతారు. క్రెడిట్ కార్డుతో నగదు తీయకండి, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ-వీసా రుసుము ఒక్కసారి ప్రవేశానికి మనిషికి 25 డాలర్లు. వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే నేరుగా దరఖాస్తు చేసుకోండి.