బీఎస్-3 బ్లాక్‌కి బీఎస్-4 హెడ్ బిగిస్తే ఆర్‌సీ నిలుస్తుందా?

ప్రశ్న: మా పదిచక్రాల టిప్పర్ 2018లో రిజిస్టరైంది. బీఎస్-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణం) బండి, కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్ పగిలింది. మెకానిక్ ఒక బీఎస్-3 బండి హాఫ్ ఇంజిన్ (హెడ్ లేని కింది సగం) తెచ్చి, దాని మీద మా హెడ్, కామన్ రైల్ (ఇంజెక్టర్లకి డీజిల్ అందించే అధిక పీడన గొట్టం), ఇంజెక్టర్లు, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) బిగిస్తానంటున్నాడు. ఆ బ్లాక్ నంబరు గ్రైండ్ చేసి మా నంబరు కొట్టిస్తే ఆర్టీవో దాకా వెళ్లక్కర్లేదట. అది వద్దంటే, పొగ శుద్ధికి యూరియా ద్రవం పోసే గొడవ లేకుండా పాత మెకానికల్ పంపు ఇంజినే ఎక్కించేద్దామంటున్నాడు. బండి మీద ఫైనాన్స్ ఉంది. వీటిలో ఏది చట్టబద్ధం?
– ఓ టిప్పర్ యజమాని, విజయవాడ

జవాబు: నంబరు గ్రైండ్ చేయడానికి మాత్రం ఒప్పుకోకండి. మిగతా రెండు ప్రతిపాదనలూ మోటారు వాహనాల చట్టం పరిధిలో తేలే విషయాలు. ఇది ఒక్కటీ మిమ్మల్ని క్రిమినల్ కేసులోకి లాగుతుంది. నంబరు చెరిపిన బ్లాక్ దొంగబండిదని తేలితే భారతీయ న్యాయ సంహితలో దొంగసొత్తు సెక్షన్ 317, మోసం సెక్షన్ 318 వర్తించే పరిస్థితి వస్తుంది. కొట్టింది మెకానికే అయినా ప్రయోజనం పొందింది మీరు కాబట్టి విచారణ మీ దగ్గరే మొదలవుతుంది. గ్రైండ్ చేసిన చోటు ఎంత నునుపుగా పాలిష్ పట్టినా ఫోరెన్సిక్ వాళ్లు యాసిడ్ పూసి కింది అంకెలను చాలాసార్లు బయటికి రప్పించగలరు.

ఇక అసలు విషయం. మీ ఇంజిన్ ఏదని చట్టం అడిగితే జవాబు బ్లాక్ దగ్గర దొరుకుతుంది, ఎందుకంటే నంబరు ఉండేది దాని మీదే. హెడ్, టర్బో, పంపు, ఇంజెక్టర్లు మారినా ఆర్‌సీలోని నంబరు మారదు. బ్లాక్ మారిందా, కాగితాల లెక్కలో ఇంజినే మారినట్టు. నంబరు తేడా ఉంటే ఏమవుతుందో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55(5) సూటిగా చెబుతుంది: బండి మీది ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలవకపోతే, రిజిస్టరింగ్ అధికారి నోటీసిచ్చి, మీ వాదన విని, రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. కాబట్టి మారిన బ్లాక్‌ను ‘రిపేరే కదా’ అని చెప్పకుండా తిప్పడం కుదరదు. ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు నంబర్లు సరిచూస్తారు. మీ బండికి 8 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

ఏ మార్పుకి అనుమతి దొరుకుతుందో సెక్షన్ 52 చెబుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదన్నది దాని సారం. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన అప్పీలులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్పిడికి ఆ సెక్షన్ వాడిన కొలమానం ‘అదే మేక్, అదే టైప్’ (అదే తయారీ, అదే రకం). 10 లేదా అంతకు మించి రవాణా వాహనాలున్న యజమానికి రాష్ట్ర ప్రభుత్వం అధికారమిస్తే, అదే మేక్, అదే టైప్ ఇంజిన్‌ను ముందస్తు అనుమతి లేకుండా మార్చుకుని, 14 రోజుల్లోపు తెలియజేయవచ్చు. ఒకటి రెండు బండ్లున్న మీలాంటివాళ్లు ముందే అనుమతి తీసుకోవాలి.

మెకానిక్ మొదటి ప్రతిపాదనను ఈ కొలమానంతో చూడండి. బీఎస్-3, బీఎస్-4 రెండింటిలోనూ 5.9 ఇంజిన్ బోర్ (సిలిండర్ వ్యాసం) 102 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120 మి.మీ., అంటే 5883 సీసీ. ‘రెండూ ఒకటే సార్’ అని అతనంటే ఆ మేరకు నిజమే, మేక్ కలుస్తుంది. టైప్ దగ్గరే తంటా. కంపెనీ రికార్డులో ఆ బ్లాక్ నంబరు బీఎస్-3 ఇంజిన్‌గా నమోదై ఉంటుంది. 2017 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన మీ బండి బీఎస్-4. ఆర్‌సీలో ఆ నంబరు ఎక్కించమని అడిగితే అధికారికి కనిపించేది బీఎస్-4 ఛాసిస్‌లో బీఎస్-3 ఇంజిన్. పైన బిగించిన హెడ్, ఈసీఎం మీ బండివేనని నిరూపించే కాగితం మీ దగ్గర ఉండదు. ఈ బ్లాక్ మీ మోడల్‌కి సరిపోయే భాగమేనని తయారీ కంపెనీ లిఖితపూర్వకంగా ఇస్తే దరఖాస్తు పెట్టి చూడవచ్చు. అది చేతిలో లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

సాంకేతికంగా కూడా ఇది బోర్, స్ట్రోక్ కలిస్తే తేలిపోయే విషయం కాదు. హాఫ్ ఇంజిన్‌తో పాటు దాని పిస్టన్లూ వస్తాయి. పిస్టన్ గిన్నె ఆకారం, కంప్రెషన్ రేషియో, ఇంజెక్టర్ నాజిల్ స్ప్రే కోణం ఒక జోడీగా డిజైన్ చేసినవి. ఒక తరం పిస్టన్‌కి ఇంకో తరం నాజిల్ పెడితే డీజిల్ గిన్నె అంచుకో గోడకో తగులుతుంది. దాంతో పొగ, ఆయిల్ పల్చబడటం, చివరికి పిస్టన్ కాలిపోవడం. క్రాంక్, క్యామ్ సెన్సర్ల పళ్ల చక్రాలు వేరైతే ఈసీఎం టైమింగ్ పట్టుకోలేదు, బండి స్టార్టే కాకపోవచ్చు. కనీసం పిస్టన్లు మీ ఇంజిన్ పార్ట్ నంబరువే వేశారా అని అడగండి. జవాబు తడబడితే మీకు విషయం అర్థమైపోతుంది.

‘పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చేస్తుంది’ అన్న భరోసానీ నమ్ముకోకండి. డీజిల్ బండికి చేసేది పొగ సాంద్రత పరీక్ష. బీఎస్-4కి పరిమితి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనపు కొలత), అంతకు ముందు తరాలకి 65. ఆ యంత్రం పొగనే కొలుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను కాదు. యూరియా వ్యవస్థ ఉన్నది ఆ ఆక్సైడ్ల కోసమే. పరీక్ష పాసైనంత మాత్రాన బండి బీఎస్-4గా మిగిలినట్టు కాదు.

అందుకే రెండో ప్రతిపాదన, మెకానికల్ పంపు ఇంజిన్, మొదటిదానికన్నా అధ్వానం. ఈసీఎం, యూరియా ట్యాంకు, క్యాటలిస్టు తీసేస్తే బండి కాలుష్య ప్రమాణమే మారిపోతుంది. దానికి అనుమతి రాదు. సెక్షన్ 182ఏ(4) కింద అనుమతి లేని మార్పుకి యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకి’ అన్న మాట గమనించండి. కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని తిప్పితే సెక్షన్ 190(2) కింద 3 నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ, ఇది వేరే.

మరి ఏం చేయాలి? ముందు మీ బ్లాక్‌నే మంచి మెషిన్ షాపులో చూపించండి. పగులు వాటర్ జాకెట్ గోడలోనే ఉంటే మెటల్ స్టిచింగ్‌తో (పగులును లోహపు పిన్నులతో కుట్టినట్టు మూయడం) నిలబడవచ్చు. మెయిన్ బేరింగ్ శాడిల్ (క్రాంక్ కూర్చునే చోటు) దాకా పాకితే వదిలేయండి. రీబోర్ చేసి (సిలిండర్లను కాస్త వెడల్పు చేసి) 0.5 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు వేసుకోవడం ఓవర్‌హాల్ కిందకే వస్తుంది, ఆర్టీవో అనుమతి అక్కర్లేదు. (అలా చేస్తే సీసీ 5941 దాకా పెరుగుతుంది, కానీ దానికోసం ఆర్‌సీ మార్చమని ఎవరూ అడగరు.) నంబరు అదే, పార్టులు అదే తరానివి, సమస్య లేదు.

బ్లాక్ పనికిరాదంటే కంపెనీ డీలరు దగ్గర మీ మోడల్‌కే చెందిన కొత్త లేదా రీకండిషన్డ్ ఇంజిన్. అది భరించలేకపోతే పాత బీఎస్-4 ఇంజిన్, అదీ పూర్తి కాగితాలతో. కొనే ముందే నంబరు ఫొటో, పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు) తీసుకోండి. అది ఏ బండిదో ఆ ఆర్‌సీ కాపీ, తుక్కుకి వేసినదైతే రిజిస్ట్రేషన్ రద్దు ఉత్తర్వు అడగండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో వెబ్‌సైట్‌లో వాహన ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఉచితంగా వస్తుంది, ఇంజిన్ నంబరు కొట్టి దొంగిలించిన జాబితాలో ఉందేమో చూడండి. బిల్లు మీద ఇంజిన్ నంబరు తప్పనిసరిగా రాయించండి. ‘పాత ఇంజిన్ – 1’ అని మాత్రమే రాసిన బిల్లుకి విలువ లేదు.

తర్వాత మీ ఆర్టీవో దగ్గర ఆల్టరేషన్ (మార్పు) దరఖాస్తు. దానికి ఆర్‌సీ, బిల్లు, పెన్సిల్ ప్రింట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అంగీకారం జతచేయండి. బండి హైర్ పర్చేజ్‌లో (వాయిదాలు తీరేదాకా యాజమాన్యం ఫైనాన్స్ కంపెనీదే అయ్యే పద్ధతి) ఉంటే ఆ అంగీకారం సెక్షన్ 52(5) ప్రకారం తప్పదు. హైపోతికేషన్ (బండిని లోన్‌కి తనఖాగా చూపడం) అయినా లోన్ ఒప్పందంలో ఆ షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అనుమతి వచ్చాకే బిగించి, బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి చూపించి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోండి. పాత బ్లాక్‌ను తుక్కు కొట్టుకి ఊరికే తోసేయకండి. దాని మీద ఇంకా మీ బండి నంబరే ఉంది. నంబరు రాసిన రసీదు తీసుకునే ఇవ్వండి.

ఆర్‌సీ మారిన వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, పాలసీలో కొత్త నంబరు ఎండార్స్ (అధికారికంగా నమోదు) చేయించండి. ప్రమాదంలో మూడో వ్యక్తికి నష్టం జరిగితే, సెక్షన్ 150లో కంపెనీకి మిగిలిన వాదనల్లో ఇంజిన్ మార్పు అన్నది నేరుగా లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న వాదన ఉంది. నంబరు మారాక కూడా పాతదే చూపి రెన్యువల్ చేస్తే దాన్ని వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టు. బాధితుడికి చెల్లించి, ఆ డబ్బు మీ దగ్గర రాబట్టుకునే ఉత్తర్వు కోరతారు. సొంత నష్టం క్లెయిమ్‌లోనైతే సర్వేయరు ముందు చూసేదే నంబర్లు.

ఈ జవాబు చేరేలోపే బ్లాక్ మారిపోయి ఉంటే, బండిని రోడ్డెక్కించకుండా ఆపి, నంబరు ముట్టుకోకుండా, 14 రోజుల్లోపు బిల్లుతో సహా ఆర్టీవోకి రాతపూర్వకంగా తెలియజేయండి. దరఖాస్తు తిరస్కరించినా, రద్దు ఉత్తర్వు ఇచ్చినా, అది అందిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు.