27 లక్షల క్యాంపర్ వ్యాన్ సరే, అర్ధరాత్రి 2 లక్షలు ఎక్కడివి?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో హెడ్మాస్టర్‌గా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. నాకు 61, మా ఆవిడకు 57. ఇద్దరికీ బీపీ, ఆమెకు షుగర్ కూడా ఉంది. పెన్షన్ చేతికి 54 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 32 వేలు. ఇల్లు సొంతం. వచ్చిన బెనిఫిట్స్‌లో అమ్మాయి పెళ్లి అప్పులు పోను 22 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. అందులో 5 లక్షలు బాబు ఫ్లాట్‌కు ఇస్తానని మాటిచ్చాను. ఓపిక ఉండగానే దేశమంతా తిరగాలని మా కోరిక. టెంపో ట్రావెలర్‌లో మంచం, వంటగట్టు, టాయిలెట్ అమర్చి ఇచ్చే కంపెనీ ఒకటి రిజిస్ట్రేషన్‌తో కలిపి 27 లక్షలు చెప్పింది. నావి 15 లక్షలు, ఇంటి మీద మార్ట్‌గేజ్ లోన్ 9 లక్షలు (10.5 శాతం, 7 ఏళ్లు), తెలిసినాయన దగ్గర 2 రూపాయల మిత్తికి 3 లక్షలు తెద్దామనుకుంటున్నా. ఏడాదికి నాలుగు నెలలు తిరుగుతాం. హైదరాబాద్‌లో అద్దెకు అడిగితే రోజుకు 9 వేలన్నారు, అది దండగ అనిపించింది. 50 వేలు అడ్వాన్సు కట్టాను. ఇదే తీసుకోవాలా, ఇంకా చిన్న బండి చూడాలా?

జవాబు: సార్, బండి సంగతి చివర్లో చెబుతాను. మీ ఉత్తరంలో 27 ఉంది, 22 ఉంది, 15, 9, 3 అన్నీ ఉన్నాయి. బండి ఇంటి ముందుకొచ్చిన రోజు మీ చేతిలో ఎంత మిగులుతుందో మాత్రం ఎక్కడా రాయలేదు. నేను లెక్కేశాను. 22లో 15 బండికి, 5 బాబుకు పోతే మిగిలేది 2 లక్షలు. బీపీ, షుగర్ ఉన్న ఇద్దరు మనుషులు ఆ 2 లక్షలతో ఏడాదికి నాలుగు నెలలు ఊరు కాని ఊళ్లో ఉంటారన్నమాట. అదీ ఎఫ్‌డీలో.

మీ ఒక్కరి ఉత్తరమే అయితే ఫోన్‌లో చెప్పి వదిలేసేవాణ్ని. రిటైరైన మొదటి ఆర్నెల్లలో నాకు రాసేవాళ్లలో చాలామందిది ఇదే వరస. ఒకరికి బండి, ఒకరికి ప్లాటు, ఇంకొకరికి ఇంటి మీద పై అంతస్తు. జీతం ఉన్నన్నాళ్లూ ఏ కష్టమొచ్చినా వచ్చే ఒకటో తారీఖు ఉందన్న ధైర్యం ఉంటుంది, పీఎఫ్ లోన్ ఉంటుంది. రిటైర్మెంట్‌తో ఆ దారులు మూసుకుపోతాయి. వాటికి బదులుగా చేతికొచ్చిందే ఈ మూట. దాన్ని బోనస్ అనుకుంటున్నారు.

ఇక అప్పు. 9 లక్షల మార్ట్‌గేజ్ లోన్‌కు ఈఎంఐ దాదాపు 15,175 రూపాయలు. ఏడేళ్లలో ఒక్క వడ్డీయే 3.75 లక్షలు. 2 రూపాయల మిత్తి అంటే 3 లక్షలకు నెలకు 6 వేలు, అసలు అలాగే ఉంటుంది. రెండూ కలిపి నెలకు 21,175. పెన్షన్‌లో ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 22 వేలు. అంటే తిరగడానికి నెలకు 825 రూపాయలు. ఆ బండి లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చిందనుకున్నా, రెండు వేల కిలోమీటర్ల ట్రిప్పుకు 200 లీటర్ల డీజిల్ కావాలి. డీజిల్‌కే 19 వేలు దాటుతుంది. టోల్, టైర్లు, సర్వీసింగ్, ఏటా కట్టే ఇన్సూరెన్స్ నేను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

2 రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ముప్పై ఏళ్లు పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు చేయించిన మనిషి ఈ మాట అంత తేలిగ్గా రాశారంటే నాకు కోపమే వచ్చింది. విత్తనాలకు పైసల్లేని రైతు 2 రూపాయలకు తెచ్చాడంటే అర్థం చేసుకుంటాను. విహారయాత్రకు తేవడమేంటి సార్? పైగా సొంతిల్లు తాకట్టు. రేపు మీకేమన్నా అయితే మేడమ్‌గారికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఎల్లకాలం మీ పెన్షన్ అంత ఉండదు. ఈఎంఐ మాత్రం అంతే ఉంటుంది. ఇంటి మీద అప్పు, వాకిట్లో ఆమెకు తోలడం రాని బండి. ఈ మాట మీకు కంపెనీవాళ్లు చెప్పరు.

నా దగ్గరికి వచ్చే పాలమూరు దంపతుల సంగతి చెబుతాను. మీకంటే జాగ్రత్త గల మనుషులు, అప్పు లేదు, 18 లక్షల ఎఫ్‌డీ ఉంది. సొంత కారులో కర్ణాటక కొండల వైపు వెళ్లారు. రాత్రి పదకొండున్నరకు ఆయనకు ఒళ్లంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగుడు. ఎవరో పుణ్యాత్ముడు కారు నడిపి ఆసుపత్రికి చేర్చాడు. స్టెంట్ వెయ్యాలి, ముందు లక్షన్నర కట్టమన్నారు. సేవింగ్స్ ఖాతాలో 31 వేలున్నాయి. ఆ ఖాతా ఆయన ఒక్కడి పేరునే ఉంది. ఫోన్‌పే పిన్ ఆమెకు తెలియదు, ఆయన చెప్పే స్థితిలో లేడు. ఎఫ్‌డీ రసీదు మహబూబ్‌నగర్ ఇంట్లో బీరువాలో ఉంది, బీరువా తాళం మాత్రం ఆమె బొడ్లోనే ఉంది. గాజులు తీసి కౌంటర్ మీద పెట్టిందట. "ఇవి మేం తీసుకోలేమమ్మా" అని క్యాషియర్ వాటిని మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడట. బెంగళూరులో ఉన్న అక్క కొడుకు లక్ష పంపాడు. యూపీఐలో మామూలుగా రోజుకు లక్షే కదా, మిగతా 50 వేలు తెల్లారాక పంపాడు. మనిషి దక్కాడు. ఆమె ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ తాళం బొడ్లోంచి తీసి చూపిస్తుంది.

అందుకే మీరు చెయ్యాల్సిన మొదటి పని అత్యవసర నిధి. మీ విషయంలో 8 లక్షలు. ఏడాది ఇంటి ఖర్చు 3.84 లక్షలు, ఆసుపత్రి కోసం ఇంకో 4 లక్షలు, అంతే లెక్క. ఎంత ఉందన్నదానికంటే ఎలా ఉందన్నది ముఖ్యం. 2 లక్షలు సేవింగ్స్‌లో ఉండాలి. ఒకే ఖాతాలో కాదు, మీ పేరున ఒక బ్యాంకులో లక్ష, మేడమ్ పేరున వేరే బ్యాంకులో లక్ష. ఇద్దరికీ విడివిడిగా ఏటీఎం కార్డు, విడివిడిగా యూపీఐ. ఒకరి పిన్ ఇంకొకరికి తెలిసి ఉండాలి. మిగతా 6 లక్షలు ఫోన్‌లోనే తెంపుకోగలిగే ఎఫ్‌డీలుగా, లక్ష చొప్పున ఆరు ముక్కలు చెయ్యండి. ఒకే పెద్ద ఎఫ్‌డీ అయితే లక్ష కోసం ఆరు లక్షలదీ తెంపాల్సి వస్తుంది. ఎఫ్‌డీలన్నీ ఈదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో, అంటే ఇద్దరి పేర్ల మీదా ఉండి ఎవరో ఒకరే తీసుకోగలిగేలా ఉండాలి. బ్రాంచికి మనిషి వస్తే తప్ప తెంపరు అంటే అది అత్యవసర నిధి కాదు, వేరే చోటికి మార్చండి. ఓసారి మేడమ్ చేతికి ఫోన్ ఇచ్చి, మీరు పక్క గదిలో కూర్చుని, ఒక ఎఫ్‌డీ తెంపి చూడమనండి. కాస్త వడ్డీ పోతుంది, పోనివ్వండి.

మీకు ప్రభుత్వ హెల్త్ కార్డు ఉండే ఉంటుంది. అది లిస్టులో ఉన్న ఆసుపత్రుల్లో నడిచే కార్డు. కూర్గులోనో కొడైకెనాల్‌లోనో అర్ధరాత్రి తెరిచి ఉన్న ఆసుపత్రి ఆ లిస్టులో ఉంటుందని లెక్కేసుకోకండి. రీయింబర్స్‌మెంట్ తర్వాతి మాట, ముందు కౌంటర్ దగ్గర కట్టాలి. దేశమంతా నగదు లేకుండా చికిత్స ఇచ్చే పాలసీ ఇద్దరికీ 10 లక్షలకు తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. బీపీ, షుగర్ దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. ఆ మూడేళ్లూ మిమ్మల్ని కాసేది పైన చెప్పిన 8 లక్షలే. పాలసీ ఉంది కదా అని నిధి తగ్గించకండి.

ఇప్పుడు బండి. నాలుగు నెలలు తిరుగుతాం అని అందరూ అంటారు. పెళ్లిళ్లు, బతుకమ్మ, మనవల సెలవులు, పొలం పనులు, ఎండాకాలం తీసేసి క్యాలెండర్ ముందు పెట్టుకుని రోజులు లెక్కపెట్టండి. 30, 40 దాటితే గొప్ప. 27 లక్షలంటే రోజుకు 9 వేల చొప్పున 300 రోజుల అద్దె. ఇన్సూరెన్స్ లెక్కలో బండి విలువ ఐదో ఏడు నిండేసరికి సగానికి వస్తుంది, అమ్మబోతే ఇలాంటి బండికి బేరం దొరకడం ఇంకా కష్టం. 55 దాటాక లైసెన్స్ ఐదేళ్లకోసారే రెన్యూ చేస్తారని మీకు తెలుసు. రెన్యూ చేయించిన ప్రతిసారీ డాక్టరు ముందు నిలబడాలి. తోలేది మీరొక్కరే కాబట్టి మీకు జ్వరమొచ్చిన రోజు బండీ ఆగుతుంది.

దండగ అన్నారు కదా, అద్దె లెక్క చూడండి. 22లో నిధికి 8, బాబుకు 5 పోతే 9 లక్షలు ఉంటాయి. (బాబును ఓ ఏడాది ఆగమనడం నాకైతే తప్పనిపించదు, మీ ఇష్టం.) ఆ 9 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే 8.2 శాతం చొప్పున ఏడాదికి 73,800. ఈఎంఐ లేదు కాబట్టి పెన్షన్‌లో నెలకు మిగిలే 22 వేలు ఏడాదికి 2.64 లక్షలు. మొత్తం 3.37 లక్షల పైమాట. నెల రోజుల అద్దె 2.7 లక్షలు పోగా డీజిల్‌కు, తిండికి ఇంకా 67 వేలుంటాయి. అసలు చెక్కుచెదరలేదు. అద్దె ఇష్టం లేకపోతే మామూలు కారు, లాడ్జి. లేదా రైలు.

ముందు ఒక్కసారి ఐదు రోజులకు అద్దెకు తీసుకోండి. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు వెళ్లండి. అక్కడి చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, శ్రీశైలం అడవిలో బండి ఆపుకుని పడుకుందామనే ఆలోచన అక్కడే తీరిపోతుంది. తిరుగుదారిలో అచ్చంపేట, కొల్లాపూర్ మీదుగా సోమశిల, అక్కణ్నుంచి అలంపూర్. నిలబడితే తల తగులుతోందా, రాత్రి బాత్రూమ్‌కు లేవాలంటే ఒకరినొకరు దాటుకోవాలా, మూడో రోజు టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేశారు, ఎవరు చేశారు? మంచం కొలతల కంటే ఈ చివరి ప్రశ్నకు జవాబు ముఖ్యం. మన దగ్గర దానికి ఏర్పాటున్న చోట్లు వెతుక్కోవాల్సిందే. మీ గల్లీలో ఆ బండి తిరుగుతుందో లేదో కూడా టేపు పెట్టి చూసుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా కొనాలనిపిస్తే, చిన్నదే మేలు. 9 లక్షల్లో, అప్పు లేకుండా, సెకండ్ హ్యాండ్‌లో ఎంత వస్తే అంత. అయితే వర్క్‌షాపులో సీట్లు పీకించి మంచం వెల్డింగ్ చేయించకండి. ఆర్సీలో ఉన్నదానికీ బండిలో ఉన్నదానికీ తేడా వస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసేది అదే. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రమాణం ఉంది. మీకు కొటేషన్ ఇచ్చినవాళ్లను ఆ సర్టిఫికెట్ చూపమనండి, ఆర్సీలో ఏ తరగతి పడుతుందో రాసిమ్మనండి. మంచం దగ్గర నుంచి బయటపడడానికి రెండో దారి ఉందా అడగండి. 2013లో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయిన రోడ్డు మనదే. ఇంట్లో వాడే పెద్ద గ్యాస్ సిలిండర్ బండిలో ఎక్కించొద్దు, టీ కావాలంటే దాబాలో తాగండి.

ఆ 50 వేల అడ్వాన్సు రసీదు వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. వెనక్కి ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా, అది పోతుందని మిగతా 26.5 లక్షలు కట్టకండి. 2 రూపాయల మిత్తి ఆయనకు ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. రేపు బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్లండి, మేడమ్ పేరున ఖాతా తెరవడానికి ఆధార్, పాన్, రెండు ఫొటోలు చాలు.