స్వాతికి, డ్రైవర్ పంపేముందు

స్వాతీ,

నువ్వు మీ ఆఫీసు సొంత నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ని మెయిన్‌లైన్ లైనక్స్‌కి, అంటే అందరూ వాడే అసలు లైనక్స్ కెర్నల్ కోడ్‌కి, పంపబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, అదేంటో తనకి సరిగ్గా తెలీకపోయినా గొంతులో సంబరం దాగలేదు, నాకు సంబరంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. మారతహళ్ళి నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చి చెప్పేకంటే రాయడమే నయం.

కోడ్ రాసిన తీరు సరిచూసే చెక్‌ప్యాచ్ రన్ చెయ్యి, ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, చిన్నచిన్న ముక్కలుగా పంపు, ఇవి నీకు తెలిసినవే.

మీ టీమ్‌లో ఎవరో బయట అమ్మని హార్డ్‌వేర్ కాబట్టి కెర్నల్‌లోని స్టేజింగ్ ఫోల్డర్‌లో పడేద్దాం అన్నారట. వద్దమ్మా. స్టేజింగ్ 2008లో పెట్టింది కోడ్ ఇంకా శుభ్రపడని డ్రైవర్ల కోసం, కార్డు బజార్లో దొరుకుతుందా లేదా అన్నదానికీ దానికీ సంబంధం లేదు. డ్రైవర్స్/నెట్/ఈథర్‌నెట్ కిందే పెట్టు, అక్కడైతేనే ఆ పని తెలిసినవాళ్ళు రివ్యూ చేస్తారు. 2024లో మెటా తన డేటా సెంటర్లలో మాత్రమే వాడే కార్డుకి ఎఫ్‌బీనిక్ డ్రైవర్ పంపినప్పుడు, ఒక్క కంపెనీకి పనికొచ్చేది అందరూ ఎందుకు మోయాలని నిలదీశారు, అడగాల్సిన ప్రశ్నే అది, చివరికి కెర్నల్ 6.11 వెర్షన్‌లో మామూలు ఈథర్‌నెట్ డ్రైవర్ల మధ్యనే చేరింది.

అలాగని ప్రైవేటు అన్న సంగతి దాచకు. కాన్ఫిగ్ హెల్ప్‌లో, అంటే డ్రైవర్ పెట్టుకోవాలా వద్దా అని ఎంచుకునేచోట కనిపించే వివరణలో, మొదటి లైన్లోనే ఈ కార్డు బయట అమ్మరని రాసెయ్, లైనక్స్‌ని సిద్ధం చేసి జనానికిచ్చే డిస్ట్రోవాళ్ళు చూసి ఆఫ్ చేసుకుంటారు. మీ ఒక్క కార్డు కోసం మామూలు ప్రోగ్రాములు కెర్నల్‌తో మాట్లాడే కొత్త యూజర్‌స్పేస్ ఇంటర్‌ఫేస్ మాత్రం అడగొద్దు, డ్రైవర్‌ని రేపు పీకేయొచ్చు గానీ జనం వాడుతున్న ఇంటర్‌ఫేస్‌ని విరగ్గొట్టడానికి లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ ఒప్పుకోడు, ఆ బరువు మిగతావాళ్ళ నెత్తిన ఉండిపోతుంది.

ఇక నా అసలు భయం. ఇదివరకు నేను పనిచేసిన ఒకచోట పక్క టీమ్ వాళ్ళు ఇలాంటి సొంత కార్డుకే డ్రైవర్ చేర్చి, ఏ కోడ్‌ని ఎవరు చూసుకుంటారో రాసే మెయింటెయినర్స్ ఫైల్లో ఒక్క కుర్రాడి ఆఫీసు మెయిల్ పెట్టారు. అతను మానేశాడు, మెయిల్ బౌన్స్. 4.15 వెర్షన్ నాటికి కెర్నల్ అంతటా పాత టైమర్ పద్ధతి తీసేసి టైమర్_సెటప్ అనే కొత్త పద్ధతికి మార్చారు కదా, అప్పుడు బయటి మనిషెవరో ఈ డ్రైవర్ని కూడా మార్చి, టెస్ట్ చేసి చెప్పండని రాశాడు. ఎవరూ పలకలేదు. కంపైలైతే అయింది, నడుస్తుందో లేదో అతనికెలా తెలుస్తుంది, కార్డు మా ల్యాబ్‌లో తప్ప లోకంలో ఎక్కడా లేదాయె. చాలాకాలం తర్వాత వాళ్ళు కెర్నల్ మారిస్తే లోడ్ పడగానే లింకు హ్యాంగ్ అయింది, బయటివాళ్ళు పాడుచేశారని మేనేజర్ ఒకటే అరుపులు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనమెవరో తెలీకుండానే మన పని చేసిపెట్టినవాడిని తిట్టడమా!

అందుకే ఇద్దరి పేర్లు పెట్టు, ప్రతి ఆర్‌సీ, అంటే విడుదలకి ముందొచ్చే పరీక్ష వెర్షన్, మీ ల్యాబ్‌లో అసలు కార్డు మీద నడిపించు, ఆ టైమ్‌కి మేనేజర్ దగ్గర ఇప్పుడే మాట తీసుకో, తర్వాత ఎవరూ ఇవ్వరు. కంపెనీ ఆ కార్డు వదిలేసిన రోజు డ్రైవర్ తీసేసే ప్యాచ్ కూడా నువ్వే పంపాలి, వింటున్నావా?

రివ్యూలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే అర్ధరాత్రి జవాబు రాయకు, పడుకుని పొద్దున్నే రాయి, నీ కోపం నాకు తెలుసు. ఆదివారం ఇంటికి రా, అత్తయ్య పప్పుచారు పెడతానంది, ప్యాచ్‌లతో పంపే కవర్ లెటర్ తీసుకురా, కూర్చుని చదువుదాం.

మావయ్య