ప్రాసెసర్ కొనే ముందు టాస్క్ మేనేజర్ ఒకసారి చూడండి

విశాఖ గాజువాకలో మీ షాపు కంప్యూటర్‌లో ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్నాయన్నారు. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), బ్రౌజర్ కలిపి తెరిస్తే కదలడం లేదు, సెకండ్ హ్యాండ్ ఐ7-4770 వేస్తే బాగుపడుతుందా అని అడిగారు. నా మాట వింటే ఇప్పుడే వద్దండి. అచ్చంగా ఇదే ప్రాసెసర్‌తో నేనూ ఇదే పని చేశాను.

ద్వారకానగర్‌లో నాలుగు షాపులు తిరిగి ఐ7 తెచ్చి బిగించాను. ఆన్ చేస్తే మళ్లీ అదే నత్తనడక. విండోస్‌లో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే అప్పుడు అర్థమైంది: ప్రాసెసర్ పది, పన్నెండు శాతం దగ్గర ఖాళీగా ఉంది, డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయింది. తర్వాత హార్డ్ డిస్క్ బదులు దానికంటే చాలా వేగంగా పనిచేసే చిన్న శాటా ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేశాను. మూడు నిమిషాలు పట్టే బూటింగ్ అర నిమిషంలోపే అయిపోయింది. ముందే ఆ పని చేసి ఉంటే ఐ7 అవసరమే వచ్చేది కాదు.

ఇంకో సంగతి. మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. ప్రాసెసర్ మీది కూలర్ విప్పితే రెక్కల మధ్య దుమ్ము తేమకి ముద్దకట్టి ఉంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చడానికి మధ్యలో రాసే థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పెచ్చులుగా రాలింది. వెనక స్క్రూలకు తుప్పు. ఐ3 వాడేది 54 వాట్లు, ఐ7ది 84. పాత చిన్న కూలరే ఉంచడంతో, బరువైన పని చేసేటప్పుడు వేడి 95 డిగ్రీలు దాటి, ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకునేది. మన ఊరి గాలికి ఏడాదికోసారైనా లోపల శుభ్రం చేసి పేస్ట్ మార్చాల్సిందే. దానికి పెద్ద ఖర్చేం కాదు.

ఐ7 అసలు పనికిరాదని కాదు. రెండు కోర్ల బదులు నాలుగు వస్తాయి. మా చెల్లి పెళ్లి వీడియో ఎడిటింగ్‌కి నాకు బాగానే కలిసొచ్చింది. మీ పని టాలీ, బిల్లులే కదా, అక్కడ అంత తేడా తెలియదు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో మీ ఐ3 లాంటి నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లు లేవు, ఐ7 వేసినా అదే పరిస్థితి. అందుకే ఈ బోర్డు మీద ఎక్కువ డబ్బు పెట్టొద్దంటున్నాను. మీది ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లు పట్టే ఏఎం4 బోర్డయితే వేరే సలహా ఇచ్చేవాణ్ణి. చాలావాటికి బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 సిరీస్ ప్రాసెసర్ పడుతుంది.

ఎస్ఎస్‌డీ కొంటే రేపు కొత్త కంప్యూటర్‌లోకి కూడా మార్చుకోవచ్చు. ర్యామ్ మాత్రం డీడీఆర్3 అని చూసి తీసుకోండి, మీ బోర్డుకు డీడీఆర్4 పట్టదు. ఏం కొనకముందే టాలీ తెరిచి ఉంచి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్, మెమరీ ఎంత శాతం చూపిస్తున్నాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.